చలి ప్రాంతంలో చిన్న ఇల్లు: గోడల కన్నా ముందు బీరువా గీయండి

చలి ప్రాంతాల్లో చిన్న ఇళ్లు గీయడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా రెండు కోరికలతో వస్తారు: ఇల్లు వెచ్చగా ఉండాలి, సామాన్లన్నీ పట్టాలి. మొదటిది ఇంజినీరు చూసుకుంటాడు, రెండోది చివర్లో వడ్రంగి చూసుకుంటాడు అనుకుంటారు. పెద్ద ఇంట్లో అయితే అలా నడిచిపోతుంది. 40 చదరపు మీటర్ల లోపు ఇంట్లో నడవదు. బీరువా ఎక్కడ పెట్టినా ఏదో ఒక బయటి గోడ తగులుతుంది. ఆ గోడ లోపలివైపు ఎంత చల్లగా ఉంటుందో దాన్ని బట్టే బీరువాలో బట్టలు పొడిగా ఉంటాయా, చెమ్మ పట్టి వాసన కొడతాయా అనేది తేలుతుంది. అందుకే గోడలు గీయకముందే నేను సామాన్లు గీస్తాను.

ముందు సామాన్ల లిస్టు రాయండి. గదుల వారీగా మాత్రం వద్దు. పడగ్గదిలో ఇవి, వంటగదిలో ఇవి అని రాస్తే ఇప్పుడున్న ఇల్లే మళ్లీ కట్టుకుంటారు. మూడు కుప్పలుగా విడదీయండి. ఒకటి, చలికి ఏమీ కానివి: మంచు తీసే పారలు, పనిముట్లు, సైకిలు, ఖాళీ సూట్‌కేసులు. రెండు, తడిసి ఇంట్లోకి వచ్చేవి: బూట్లు, కోట్లు, గ్లవ్స్, టోపీలు. మూడు, ఎప్పుడూ పొడిగా ఉండాల్సినవి: బట్టలు, పరుపులు, పుస్తకాలు, కాగితాలు. మొదటి కుప్పకి వెచ్చటి గోడల లోపల చోటివ్వకండి. మీరు డబ్బు పోసి ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా గోడలో వేసే పొర) వేయించి, వేడి చేసే ప్రతి చదరపు మీటరూ మనుషులకీ, మూడో కుప్పకీ చెందాలి. సూట్‌కేసుకి హీటింగ్ దేనికి?

కుప్పలు చేశాక టేపు పట్టుకుని కొలవండి. చొక్కా దండెం మీద రెండు మూడు సెంటీమీటర్లు తీసుకుంటే, దూది కూరిన చలికోటు పది సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. నలుగురున్న ఇంట్లో తలా రెండు కోట్లు అంటే దండెం 80 సెంటీమీటర్లు దానికే పోయింది. లోతు కూడా చూసుకోండి. మామూలు హ్యాంగర్ వెడల్పు 45 సెంటీమీటర్లే కానీ కోటు భుజాలు దాన్ని దాటి వస్తాయి. లోపల 60 సెంటీమీటర్లు ఖాళీ లేకపోతే తలుపు పడదు.

ఆకారం గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు: చతురస్రానికి దగ్గరగా ఉంచండి. 36 చదరపు మీటర్ల ఇల్లు 6×6 అయితే చుట్టుకొలత 24 మీటర్లు. అదే విస్తీర్ణం 3×12గా సాగదీస్తే 30 మీటర్లు. ఎత్తు 2.7 అనుకుంటే బయటి గోడ దాదాపు 65 చదరపు మీటర్ల నుంచి 81కి పెరుగుతుంది. గదులు అవే, పోయే వేడి మాత్రం ఎక్కువ. ముందుకు పొడుచుకొచ్చే కిటికీలు, మెలికలు తిరిగిన మూలలు ఫోటోల్లో బాగుంటాయి. చలిలో ప్రతి మూలా రెండు వైపుల నుంచి చల్లబడుతుంది.

గోడ మందం దగ్గర అసలు బేరం

చిన్న ఇంటికి మందపు గోడ కావాలి, ఆ మందమే చిన్న ఇంటిని తినేస్తుంది. బయటి కొలత 6×6 అని ఖాయమైతే, 20 సెంటీమీటర్ల గోడతో లోపల 31 చదరపు మీటర్లు మిగులుతాయి. గోడ 40 సెంటీమీటర్లు చేస్తే 27 మాత్రమే. నాలుగు చదరపు మీటర్లంటే చిన్న ఇంట్లో ఒక బాత్రూమ్.

దీనికి నేను చేసేవి మూడు. స్థలం అనుమతిస్తే మందాన్ని బయటివైపుకి పెంచి, లోపలి కొలతను ముట్టుకోను. అలా కుదరకపోతే, మామూలు ఇన్సులేషన్ చేసే పనిని దాదాపు సగం మందంలో చేసే పీఐఆర్ లాంటి గట్టి ఫోమ్ బోర్డులు వాడతాను. ఖర్చు ఎక్కువే, కానీ పోయే చోటు విలువతో పోల్చి చూడండి. ఇక మూడోది, మందాన్ని వాడుకోవడం. 40 సెంటీమీటర్ల గోడలో కిటికీ పెడితే లోపలివైపు 25 సెంటీమీటర్ల గట్టు ఊరికే దొరుకుతుంది. దాన్ని గూడులా వాడుకోండి: పుస్తకాలు, దీపం, ఛార్జరు, మొక్కలు. కిటికీని ఇంకాస్త కిందికి దించి, ముందు చిన్న పెట్టె కడితే కూర్చునే చోటు, కింద సొరుగు రెండూ వస్తాయి.

వద్దని ఖచ్చితంగా చెప్పేది ఒకటుంది. బయటి గోడ ఇన్సులేషన్‌లోకి తొలిచి గూళ్లు చేయించుకోకండి. అందంగా ఉంటుందని అడిగేవాళ్లు చాలామంది. గూడు లోతు పది సెంటీమీటర్లంటే అక్కడ ఇన్సులేషన్ పది సెంటీమీటర్లు తగ్గినట్టే. మొదటి శీతాకాలంలోనే ఆ గూడు వెనక నల్ల మచ్చలు మొదలవుతాయి. గూళ్లు కావాలంటే లోపలి గోడల్లో ఎన్నయినా తొలచండి.

బీరువా వెనక ఏం జరుగుతుంది

ఇది అర్థమైతే సగం పని అయినట్టే. గదిలో గాలి 20 డిగ్రీలు, తేమ 50 శాతం ఉందనుకోండి. ఆ గాలి 9 డిగ్రీలకు చల్లబడ్డ ఉపరితలాన్ని తాకితే నీరు పడుతుంది. బూజుకి నీళ్లు కారాల్సిన పని కూడా లేదు. ఉపరితలం 12, 13 డిగ్రీలకు దిగి అలాగే కొన్నాళ్లు ఉంటే చాలు, దానికి కావాల్సిన చెమ్మ దొరుకుతుంది.

ఇప్పుడు ఆరేడు సెంటీమీటర్ల ఇన్సులేషన్ ఉన్న పాత గోడ తీసుకోండి. బయట మైనస్ 15. ఖాళీగా ఉన్న గోడ లోపలివైపు 17 డిగ్రీలకు పైనే ఉంటుంది, భయం లేదు. దానికి ఆనించి బట్టలు కుక్కిన బీరువా పెట్టండి. గదిలో వేడి గోడ దాకా చేరడానికి బీరువా అడ్డు. బీరువా వెనక గోడ 10 డిగ్రీలకో, ఇంకా కిందికో పడిపోతుంది. చలి అడ్డుకోవడానికి బట్టలే దుప్పటిలా పనికొస్తాయని అనుకునేవాళ్లున్నారు. పనికొస్తాయి, కానీ ఆ దుప్పటి గోడకి లోపలివైపు ఉంది కాబట్టి గోడ మరింత చల్లబడుతుంది. 20 సెంటీమీటర్ల పైన ఇన్సులేషన్ ఉన్న కొత్త గోడ అయితే అదే బీరువా వెనక కూడా 15 దగ్గర నిలబడుతుంది.

కాబట్టి కొత్త ఇంట్లో నా పద్ధతి ఇదీ: నిండుగా, తలుపులతో ఉండే బీరువాలన్నీ లోపలి గోడలకి. అసలు చిన్న ఇంట్లో గదికీ గదికీ మధ్య విడిగా గోడ ఎందుకు? 60 సెంటీమీటర్ల లోతు బీరువానే గోడగా నిలబెట్టండి, సగం అరలు ఇటు, సగం అటు తెరుచుకుంటాయి. శబ్దం కూడా బాగా ఆగుతుంది. బయటి గోడకి మంచం, సోఫా, బల్ల, వెనక చెక్క లేని తేలికపాటి అరలు వస్తాయి.

ఉన్న ఇంటిని సర్దుకుంటున్నవాళ్లకి ఆ వీలు లేకపోవచ్చు. బీరువాని గోడకి ఐదు సెంటీమీటర్లు ఎడంగా జరపండి, కాళ్ల మీద ఎత్తండి, పైన సీలింగ్ దాకా మూసేయకండి. కింద నుంచి గాలి దూరి, వెనక నుంచి పైకి పోవాలి. రెండు బయటి గోడలు కలిసే మూలలో మాత్రం ఎంత ఎడం వదిలినా బీరువా పెట్టను. అక్కడ కుర్చీ వేసుకోండి.

మేకు ఎంత పొడవు?

ఇల్లు కట్టేటప్పుడు ఇన్సులేషన్‌కి వెచ్చటి వైపున ఆవిరి ఆపే షీటు వేస్తారు. గదిలో తేమగాలి గోడ లోపలికి దూరి, అక్కడ చల్లబడి నీరు కాకుండా ఆపేది అదే. దాని మీద నేరుగా జిప్సం బోర్డు కొట్టేస్తే, మీరు తర్వాత అరలు బిగించడానికి కొట్టే ప్రతి స్క్రూ ఆ షీటుకి చిల్లు పెడుతుంది. చిన్న ఇంట్లో ఎన్ని అరలు బిగిస్తామో ఆలోచించండి.

నా డ్రాయింగుల్లో షీటుకీ లోపలి బోర్డుకీ మధ్య 45 మిల్లీమీటర్ల చెక్క పట్టీలు తప్పనిసరిగా ఉంటాయి. వైర్లు, స్విచ్ బాక్సులు అందులోనే నడుస్తాయి. ఆ పట్టీల మీద ముందు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద 12 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు. ఇక గోడలో ఎక్కడ స్క్రూ బిగించినా పట్టు దొరుకుతుంది, పట్టీ ఎక్కడుందో తట్టి చూసుకునే అవస్థ ఉండదు. బోర్డులు రెండూ 24, ఖాళీ 45, మొత్తం 69 మిల్లీమీటర్లు. అరని మోసే చెక్క మందం 18 మిల్లీమీటర్లు అనుకుంటే 60 మిల్లీమీటర్ల స్క్రూ గోడలోకి 42 మాత్రమే పోతుంది, షీటు దాకా రాదు. ఇంటివాళ్లకి తాళాలతో పాటు ఒక కాగితం ఇస్తాను: బయటి గోడల్లో 60 మిల్లీమీటర్లకు మించిన స్క్రూ వాడొద్దని. కరెంటు వైరు ఏ ఎత్తులో పోతోందో కూడా అందులోనే గీసి ఉంటుంది.

గడప దగ్గర పిసినారితనం వద్దు

చిన్న ఇంట్లో ఎక్కడైనా కోత పెట్టండి, గుమ్మం దగ్గర పెట్టకండి. తలుపు తీయగానే హాల్లోకి అడుగు పడే ప్లాన్ నాకు నచ్చదు. ఒక్కసారి తలుపు బార్లా తీస్తే చిన్న ఇంట్లో వెచ్చటి గాలి చాలావరకు మారిపోతుంది. రెండు తలుపుల మధ్య ఒక చిన్న గది కావాలి. బయటి తలుపు మూశాకే లోపలిది తీసేంత చోటు ఉండాలి కాబట్టి కనీసం 1.5 మీటర్ల లోతు ఇస్తాను. చేతిలో సంచులతో, పక్కన పిల్లతో మనిషి నిలబడాలి కదా.

తడి కుప్పకి ఇదే చోటు. కింద టైల్స్, కాస్త వాలు, అంచు ఉన్న ట్రేలో బూట్లు. 45 సెంటీమీటర్ల ఎత్తు బల్ల, కూర్చుని బూట్లు విప్పడానికి. దాని కింద తలుపుల్లేని అరలు, గాలి ఆడేలా పలకల మధ్య సందులు. కోట్లకి కొక్కేలు రెండు వరుసలు, పిల్లలది కిందికి. కోట్లని తలుపులున్న బీరువాలో దాచాలని చూస్తారు, కంటికి నీటుగా ఉంటుందని. తడి కోటుని మూసిపెడితే మర్నాటికి ఆరదు. ఏ రోజు కోట్లు ఆ రోజు బయటే వేలాడాలి. ఈ గదిలోనే గాలి బయటికి లాగే గొట్టం ఒకటి, నేల కింద కొద్దిపాటి వేడి ఉంటే బూట్లు రాత్రికి రాత్రే ఆరిపోతాయి.

ఈ గదికి బయట, ఇన్సులేషన్ దాటి, ఒక చల్లటి వసారా వేయండి. చెక్క గోడ, రేకు కప్పు చాలు. మొదటి కుప్ప అంతా అక్కడికి పోతుంది, పైగా గాలి నేరుగా తలుపుకి కొట్టదు. దాని కప్పు మీద ఇంటి కప్పు నుంచి జారే మంచు పడుతుంది, ఆ బరువు మోసేలా కట్టించండి.

అరుగు, అటక

నేల దగ్గర గాలి ఎప్పుడూ కాస్త చల్లగా ఉంటుంది, సీలింగ్ దగ్గర వెచ్చగా. చిన్న ఇంట్లో ఈ తేడాని వాడుకోవచ్చు. పడుకునే భాగాన్ని 45 సెంటీమీటర్ల ఎత్తు అరుగులా లేపితే కింద పెద్ద పెద్ద సొరుగులు వస్తాయి, కాళ్లకి నేల చలి తగలదు. సొరుగులు పూర్తిగా బయటికి వచ్చే పట్టాల మీద ఉండాలి, లేకపోతే వెనక సగంలో ఏముందో మర్చిపోతారు. సొరుగు బయటికి లాగడానికి ముందు అంతే పొడవు ఖాళీ కావాలి. ప్లాన్ మీద సొరుగుని తెరిచి గీసి చూడండి, సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది. పరుపు కింద గట్టి చెక్క పరిచేయకండి. మనిషి ఒంటి నుంచి రాత్రంతా వచ్చే తేమ పరుపు అడుగున చేరుతుంది, పలకల మధ్య సందులుంటేనే ఆరుతుంది. ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో, నెదర్లాండ్స్‌లో పూర్వం మంచాన్ని బీరువాలా చెక్కతో మూసి తలుపులు పెట్టేవారు. ఇల్లంతా చల్లగా ఉన్న రోజుల్లో మనిషి వేడితోనే ఆ పెట్టె వెచ్చబడేది. ఇప్పుడు తలుపులు అక్కర్లేదు, మూడు వైపులా చుట్టి ఉన్న ఆ హాయి మాత్రం ఇంకా పనికొస్తుంది.

అటక మీద పడక గురించి నా అభిప్రాయం కటువుగా ఉంటుంది. ఫోటోలు చూసి అందరూ అడుగుతారు. ఇంట్లో వేడంతా అక్కడికే ఎగబాకుతుంది, కింద దుప్పటి కప్పుకునే వేళ పైన చెమటలు పడతాయి. తెరుచుకునే కిటికీ లేకపోతే వేసవిలో అసలు ఉండలేరు. అదే వెచ్చదనం, పొడిదనం సామాన్లకి బంగారం. పరుపులు, దుప్పట్లు, సీజన్ కాని బట్టలు అటక మీదికి ఎక్కించి, మనుషులు కింద పడుకోండి.

ఇన్సులేషన్‌కి పైన, కప్పు కింద ఉండే చల్లటి అటక వేరే సంగతి. దానికి ఇంటి లోపల నుంచి నిచ్చెన మూత పెడితే, ఆ మూత అంచుల నుంచి వెచ్చటి తేమగాలి పైకి పోతూనే ఉంటుంది. చల్లటి కప్పు చెక్క మీద అది మంచుగా పేరుకుంటుంది, ఎండ వచ్చినరోజు కరిగి కారుతుంది. ఇంటివాళ్లు కప్పు లీకవుతోందని పరిగెత్తుకొస్తారు. ఆ అటకలో సామాను పెట్టాలంటే మూతని బయటి గోడ వైపు, వసారా మీదుగా పెట్టించండి.

కిటికీలు, హీటరు

బయట మైనస్ 20 ఉన్నప్పుడు పాత రెండు అద్దాల కిటికీ లోపలి అద్దం 5 డిగ్రీలకు దిగుతుంది. మంచి మూడు అద్దాల కిటికీలో 16 దగ్గర ఉంటుంది. ఇది కరెంటు బిల్లు గొడవే కాదు, చోటు గొడవ కూడా. చల్లటి అద్దం నుంచి చలిగాలి కిందికి జారుతుంది కాబట్టే కిటికీ కింద రేడియేటర్ (గదిని వేడి చేసే పలక) పెట్టడం అలవాటైంది. అద్దం 16 డిగ్రీలుంటే రేడియేటర్ అక్కడ అక్కర్లేదు. కిటికీ ముందు ఒక మీటరు మేర ఎవరూ కూర్చోని నేల మీ చేతికొస్తుంది. అక్కడ బల్ల వేసుకోండి, సొరుగుల అరుగు కట్టండి. చిన్న ఇంట్లో కిటికీ మీద పెట్టే డబ్బు నేల కొనుక్కున్నట్టే లెక్క.

ఉత్తరార్ధగోళంలో పెద్ద కిటికీ దక్షిణానికి. కానీ అతి వద్దు. 60 డిగ్రీల అక్షాంశంలో డిసెంబర్ చివర్లో మధ్యాహ్నం సూర్యుడు ఆకాశంలో ఏడు డిగ్రీల లోపే ఉంటాడు. ఎదుటి ఇల్లు, చెట్టు అడ్డొస్తే ఆ ఎండ రాదు. మార్చిలో మాత్రం అదే కిటికీ చిన్న గదిని ఉడికించేస్తుంది.

హీటర్ల విషయంలో అందరూ అవసరానికి మించి కొంటారు. బాగా కట్టిన 6×6 ఇంటికి మైనస్ 20లో కూడా ఒకటిన్నర కిలోవాట్ వేడి సరిపోతుంది. చిన్నవని అమ్మే కట్టెల పొయ్యిలు కూడా మూడు నుంచి ఐదు కిలోవాట్లు ఇస్తాయి. వెలిగించిన గంటకి కిటికీలు తెరవాల్సి వస్తుంది. పైగా పొయ్యి చుట్టూ మండేవి ఏవీ పెట్టకూడదు, అంటే ఒక బీరువాకి సరిపడా నేల పోయింది. కెనడాలోని రెజీనాలో 1977లో కట్టిన సస్కాచెవాన్ కన్జర్వేషన్ హౌస్ దగ్గర నుంచీ, జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1991లో జనం చేరిన మొదటి ప్యాసివ్ హౌస్ (హీటింగ్ దాదాపు అక్కర్లేని ఇల్లు) దాకా చూపించింది ఇదే: మందంగా చుట్టి, గాలి సందులు మూసి, బయటికి పోయే గాలి నుంచి వేడిని తిరిగి పట్టుకుంటే హీటర్ చాలా చిన్నది సరిపోతుంది. పొయ్యే కావాలనుకుంటే మండడానికి గాలిని బయట నుంచి గొట్టంలో తెచ్చుకునే రకం తీసుకోండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.

గాలి మార్పిడి యంత్రం లేకుండా ఇంత బిగుతైన ఇల్లు కట్టకండి. నలుగురి ఊపిరి, వంట, స్నానం, ఆరేసిన బట్టలు కలిపి రోజుకి పది లీటర్ల దాకా నీరు గాలిలో కలుస్తుంది. ఐదు కిలోల బట్టలు ఉతికి పిండాక కూడా రెండు లీటర్ల పైనే నీరు వాటిలో ఉంటుంది. పెద్ద యంత్రానికి, గొట్టాలకి చోటు లేదంటే గోడలో బిగించే చిన్న జత యూనిట్లున్నాయి. ఒకటి గాలి బయటికి పంపుతుంటే రెండోది లోపలికి లాగుతుంది, నిమిషానికి అటూ ఇటూ దిశ మార్చుకుంటాయి. వాటి ముందు బీరువా రాకుండా చూడండి. ఫిల్టర్ మార్చడానికి చెయ్యి పట్టాలి.

వంటగది గురించి రెండు మాటలు. నీటి పైపు బయటి గోడలో ఎప్పుడూ పోకూడదు, గడ్డకట్టి పగులుతుంది. కాబట్టి సింక్ కిటికీ కింద కాకుండా లోపలి గోడకి, దాని వెనకే బాత్రూమ్. సింక్ పైన అడుగు చెక్క లేని, కమ్మీల అరలున్న కప్‌బోర్డు పెట్టండి. కడిగిన గిన్నెలు అందులోనే ఆరి, అందులోనే ఉండిపోతాయి, నీళ్లు సింక్‌లోకి కారతాయి. 1940ల్లో ఫిన్లాండ్‌లో గృహనిర్వహణ నిపుణురాలు మైయు గెబ్‌హార్డ్ దీన్ని తీర్చిదిద్దారు, అక్కడ ఇప్పటికీ మామూలు వంటిళ్లలో కనిపిస్తుంది.

ఇక వరస. గాలి సందులు పట్టే పరీక్షని బ్లోయర్ డోర్ అంటారు: తలుపులో ఫ్యాను బిగించి ఇంట్లో 50 పాస్కల్స్ ఒత్తిడి తేడా పుట్టిస్తారు. ప్యాసివ్ హౌస్ కొలత ప్రకారం అప్పుడు గంటకి ఇంటి గాలి 0.6 సార్లకు మించి మారకూడదు. ఈ పరీక్ష షీటు కనబడుతుండగానే, జిప్సం బోర్డుకీ బీరువాలకీ ముందే చేయించండి. బీరువా బిగించాక దాని వెనక సందు దొరికినా ఎవరూ విప్పరు. తడిపిన చెయ్యి వెనుకభాగాన్ని కిటికీ చుట్టూ, స్విచ్ బాక్సుల దగ్గర, నేల అంచున నడిపితే గాలి చల్లగా తగులుతుంది. టేప్ పట్టుకుని అక్కడికక్కడే మూసేయించండి.

వడ్రంగిని మాత్రం అన్నీ ఒకేసారి చేయమనకండి. లోపలి గోడల బీరువాలు, గడప గది, అరుగు ముందు చేయించి, మిగతా అరలు ఒక శీతాకాలం గడిచేదాకా ఆపండి. ఆ చలికాలంలో తేమ చూపించే చిన్న మీటర్లు రెండు కొనండి. ఒకటి పెద్ద బీరువాలో అడుగున, రెండోది చల్లటి మూలలో పెట్టండి. 60 శాతం దాటి రోజుల తరబడి ఉంటే అక్కడ అరలు కట్టించే ఆలోచన మానుకుని, ముందు గాలి మార్పిడి యంత్రం వేగం పెంచి చూడండి.